రోడ్డు దాటడానికీ ఆటో ఎక్కాలా, మంత్రిగారూ?

తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను పొట్ట చేతపట్టుకుని మస్కట్ వెళ్ళేనాటికి మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్ళే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఇంకా కడుతూనే ఉన్నారు. 2009లో అది మొదలైందన్న వార్త అక్కడే చదివాను. ఇప్పుడు ఉద్యోగం చాలించుకుని వచ్చేశాను. ఊరు గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. 69 కిలోమీటర్ల మెట్రో, దుర్గం చెరువు మీద తీగల వంతెన, షేక్‌పేటలో దాదాపు మూడు కిలోమీటర్ల ఫ్లైఓవర్. వీటి ఫొటోలు చూపించి మస్కట్‌లో మలయాళీ మిత్రుల దగ్గర గొప్పలు పోయినవాణ్ణే నేను. పాతబస్తీ లోపలికి మెట్రో ఇంకా వెళ్ళలేదన్న వెలితి ఉంది గానీ, ఆ గొడవ ఇంకో ఉత్తరానికి.

నా బాధల్లా నడిచేవాళ్ళ గురించే.

మా వీధి మొదట్లో మెయిన్ రోడ్డు. అవతల బ్యాంకు, మందుల షాపు, మా అమ్మ ప్రతి శనివారం వెళ్ళే ఆంజనేయస్వామి గుడి. ఇంతకుముందు అక్కడ సిగ్నల్ ఉండేది. ఇప్పుడు కూడలి మూసేసి, డివైడర్ కట్టేసి, ముందుకెళ్ళి యూటర్న్ తీసుకోమన్నారు. బండ్లవాళ్ళకి బాగానే ఉంది. అమ్మకి డెబ్బై నాలుగేళ్ళు, డివైడర్ ఎక్కి దిగలేదు. అందుకని ఆటో ఎక్కుతుంది. ఆటో యూటర్న్ దాకా వెళ్ళి, తిరిగొచ్చి, కేకేస్తే ఇంట్లోకి వినిపించే దూరంలో ఉన్న గుడి ముందు దింపుతుంది. యాభై రూపాయలు. తిరిగి రావడానికి ఇంకో యాభై. "స్వామి హుండీలో కన్నా ఆటో అబ్బాయి చేతిలోనే ఎక్కువ పెడుతున్నాన్రా" అని నవ్వుతుంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం చేశారు, మంచి పని. ఊరి అవతలికి ఉచితంగా వెళ్ళొచ్చే అమ్మకి రోడ్డు అవతలికి వెళ్ళిరావడానికి వంద రూపాయలవుతోంది.

ఎర్రలైటు పడ్డప్పుడే కదా నడిచేవాడికి దారి దొరికేది! సిగ్నల్ తీసేస్తే బండ్ల వరస తెగదు. చెయ్యి అడ్డం పెట్టి, ఎవరో ఒకరు బ్రేకు వేస్తారన్న నమ్మకంతో అడుగు వెయ్యాలి. కాలేజీ కుర్రాళ్ళు వేస్తారు. చంకలో బిడ్డ ఉన్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు అక్కడే నిలబడిపోతారు. ఫుట్ ఓవర్ బ్రిడ్జి కడతామంటారేమో, అన్ని మెట్లు ఎక్కగలిగినవాళ్ళు డివైడరే ఎక్కుతారు కదండీ.

పోనీ యూటర్న్ దాకా నడుద్దామా అంటే ఫుట్‌పాత్ నడవనివ్వదు. మా వైపు అది మోకాలెత్తు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం అర అడుగు దాటకూడదు. ఎక్కాక నాలుగడుగులకో షాపు ర్యాంపు, ఆ తర్వాత కంచె వేసిన ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన మెడకు తగిలేలా వేలాడే కేబుల్ చుట్టలు. మళ్ళీ రోడ్డు మీదకే దిగాలి. ఫుట్‌పాత్ అనగానే అధికారులకు ముందు కనిపించేది ఇడ్లీ బండి. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఎవరి కంటా పడదు! బండివాళ్ళని రక్షించడానికి 2014 నాటి చట్టం ఉంది. వాళ్ళకీ చోటు చూపించండి, వెళ్ళగొట్టమని ఈ ఉత్తరం రాయడం లేదు.

నడిచేవాళ్ళకి ఫుట్‌పాత్ ఉండడం రాజ్యాంగం 21వ అధికరణం కింద హక్కని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ధర్మాసనంలో ఒకరు జస్టిస్ ఉజ్జల్ భూయాన్, మన తెలంగాణ హైకోర్టుకి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారే. ఈ ఊరి రోడ్లు ఆయనకి తెలియనివి కావు.

నేనడిగేది పెద్ద ఖర్చు కూడా కాదు. సిగ్నల్ తీసేసిన ప్రతి కూడలిలో, బస్టాపుకి దగ్గరగా, బటన్ నొక్కితే ఎర్రలైటు పడే క్రాసింగ్ ఒకటి పెట్టించండి. వందడుగుల రోడ్డంటే 30 మీటర్లు. అమ్మ వయసువాళ్ళు సెకనుకు ఒక మీటరు నడిస్తే గొప్ప. కాబట్టి కనీసం 30 సెకన్లు ఇవ్వాలి, అలసినవాళ్ళు ఆగడానికి డివైడర్ మధ్యలో కాస్త చోటు వదలాలి. ఇకపై ఏ ఫ్లైఓవర్ ఫైలు మీ బల్ల మీదకి వచ్చినా, దాని కింద మనిషి ఎక్కడ దాటుతాడో డ్రాయింగులో చూపించేదాకా సంతకం పెట్టకండి.

ఇట్లు,
మెహదీపట్నం నివాసి ఒకరు