కొత్త హెవీ డ్రైవర్లు మొదట ఎవరి బండి ఎక్కాలి?

సంపాదకులు గారికి,

అయ్యా,

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చదువు మధ్యలో ఆపేసిన కుర్రాళ్లు, వలస పనులకు వెళ్లి తిరిగొచ్చినవాళ్లు కొందరు ఈమధ్య హెవీ లైసెన్సు తీసుకుని లారీ డ్రైవర్లుగా స్థిరపడాలని చూస్తున్నారు. తోలేవాళ్లు దొరక్క బండ్లు నిలబెట్టుకున్న ఓనర్లు ఉన్నందువల్ల, లైసెన్సు చేతికి రాగానే వీళ్లకు పిలుపులు వస్తున్నాయి. పిలుపు వచ్చిన ప్రతి కుర్రాడూ ముందు అడిగేది జీతం గురించే. నేను చాలా ఏళ్లు రాయపూర్, కలకత్తా దారుల్లో లారీ తోలి, ఆ తర్వాత ఆర్టీసీలో చేరి పదవీ విరమణ చేసినవాణ్ణి. మొదటి ఏడాది ఎవరి దగ్గర పనిచేశామన్నదాన్ని బట్టే డ్రైవరుకు అలవాట్లు పడతాయని, ఆ అలవాట్లతోనే అతని ప్రాణం, ఎదుటివాళ్ల ప్రాణం ముడిపడి ఉంటాయని నా అనుభవంలో చూశాను. అందుకే కొత్త డ్రైవర్ల కోసం, వాళ్ల తల్లిదండ్రుల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

చట్టం ప్రకారం రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. దానికి ముందు కనీసం ఏడాదిపాటు తేలికపాటి వాహనాల లైసెన్సు ఉండి తీరాలి. ఆపైన డ్రైవింగ్ స్కూలులో నేర్చుకుని, పరీక్ష పాసైతే హెవీ లైసెన్సు వస్తుంది. అయితే స్కూలులో నేర్పేది ఖాళీ బండి మీద, పగటిపూట, మనకు తెలిసిన రోడ్డు మీద. పది టైర్ల లారీ లోడుతో కలిపి 28.5 టన్నుల వరకూ ఉండవచ్చని నిబంధన. ఖాళీ బండికి దాదాపు మూడింతల బరువన్నమాట. అంత బరువుతో వానలో బ్రేకు వేస్తే బండి ఎంత దూరం పోయి ఆగుతుందో స్కూలులో ఎవరూ చూపించరు. మా రోజుల్లో ఈ విద్య క్లీనరుగా ఉన్నప్పుడే అబ్బేది. టైరు విప్పడం, తాడు బిగించి తార్పాలిన్ కట్టడం దగ్గర మొదలుపెట్టి, గురువు పక్కన కూర్చుని ఏళ్ల తరబడి చూసి చూసి, చివరికి ఏ రాత్రివేళో ఆయన స్టీరింగు ఇస్తే పట్టుకునేవాళ్లం. ఇప్పుడు చాలా బండ్లలో క్లీనరు లేడు, డ్రైవరు ఒక్కడే. నేర్చుకునే ఆ మెట్టు పోయింది, దాని బదులు ఇంకొకటి రాలేదు.

అందువల్ల కొత్త డ్రైవరు ఓనరును గానీ కంపెనీ మేనేజరును గానీ మొదట అడగవలసిన మాట, ‘నన్ను సీనియర్ డ్రైవరు పక్కన ఎన్నాళ్లు ఉంచుతారు, ఆ రోజులకు నాకేం ఇస్తారు?’ అన్నదే. దీనికి సూటిగా జవాబు చెప్పినవాళ్ల దగ్గర జీతం రెండు వేలు తక్కువైనా చేరవచ్చు. ‘లైసెన్సు ఉంది కదా, రేపు పొద్దున్నే లోడెక్కించుకుని వెళ్లిపో’ అన్నవాళ్ల దగ్గర ఎంత ఎక్కువ ఇచ్చినా చేరవద్దని నా సలహా. ఆర్టీసీలో కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇచ్చి, రూటు చూపించాకే బస్సు అప్పగించేవాళ్లు. ప్రయాణికుల విషయంలో తీసుకునే ఆ జాగ్రత్త సరుకు బండికి అక్కర్లేదనుకోవడం తప్పు.

మన ప్రాంతపు డ్రైవరుకు ఇది మరీ అవసరం. సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ వైపు వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి మీద ఘాట్ ఉంది. రాయపూర్ వైపు నుంచి లోడుతో వచ్చే బండి ఆ మలుపుల్లో దిగివచ్చేటప్పుడు, ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్లు మొట్టమొదట చెప్పే మాట. ఇంజను పట్టు మీద, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగను అడ్డుకుని వేగం తగ్గించే బ్రేకు) మీద బండిని నెమ్మదిగా దింపుతూ, కాలి బ్రేకును మలుపు దగ్గర మాత్రమే వాడాలి. తెలియనివాడు పైగేరులో దిగడం మొదలుపెట్టి, పదేపదే బ్రేకు తొక్కుతాడు. ముందు బ్రేకు లైనింగు కాలిన వాసన వస్తుంది, తర్వాత ఎదురుగా గేజీలో బ్రేకుల గాలి ఒత్తిడి చూపే ముల్లు పడిపోతూ కనిపిస్తుంది, ఆపైన తొక్కినా బండి ఆగదు. అప్పుడు కింది గేరుకు మారుద్దామన్నా ఆ వేగంలో గేరు పడదు. ఇది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. పక్కన తెలిసినవాడు కూర్చుని, దిగుడు మొదలవకముందే ‘ఇక్కడే గేరు తగ్గించు’ అని చెప్పాలి.

ఇలాంటి దారిలో కూడా డీజిలు కలిసొస్తుందని గేరు తీసేసి న్యూట్రల్‌లో దిగమని చెప్పే ఓనర్లు ఉన్నారు. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు రాకపోతే ఆ తేడా జీతంలో కోస్తామనే పద్ధతి ఈ అలవాటుకు మూలం. మైలేజీ బాగా తెచ్చినవాడికి బహుమతి ఇవ్వడంలో తప్పులేదు గానీ, రానివాడి దగ్గర కోత పెట్టే చోట కొత్త డ్రైవరు చేరకూడదు. లోడు, దారి, టైర్ల పరిస్థితి చూడకుండా మైలేజీ నిర్ణయించడం ఎలాగూ న్యాయం కాదు.

జీతం ఎంత అన్నదానికంటే ఏ లెక్కన ఇస్తారో చూడాలని కూడా చెప్పదలచుకున్నాను. నెల జీతం మీద రోజు బత్తా ఇచ్చేవాళ్లు కొందరు, ట్రిప్పుకు ఇంత అని ఇచ్చేవాళ్లు కొందరు, కిరాయిలో వాటా ఇచ్చేవాళ్లు కొందరు. ట్రిప్పు లెక్కన అయితే పోర్టు గేటు దగ్గర, మిల్లు దగ్గర అన్‌లోడు కోసం రోజుల తరబడి కాచుకున్న కాలానికి డ్రైవరుకు ఏమీ రాదు. ఆ పోయిన రోజును నిద్ర మానుకుని రోడ్డు మీద రాబట్టుకోవాలని చూస్తాడు. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని, 5 గంటల తర్వాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని నిర్దేశించింది. రోడ్డు మీద దాన్ని పాటించేవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు. సరుకుతో పాటు ఉండవలసిన జీఎస్టీ పత్రం ఈ-వే బిల్లు గడువు అయిపోతుందని తరిమే ఆఫీసులూ ఉన్నాయి. మామూలు సరుకుకు ఆ బిల్లు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుతుంది. కారణం చూపి, గడువు ముగియడానికి ముందు 8 గంటల్లో గానీ, ముగిశాక 8 గంటల లోపు గానీ రవాణాదారు దాన్ని పొడిగించుకోవచ్చు. ఆఫీసులో కూర్చున్నవాళ్లు చేయగలిగిన ఆ పనికి బదులు డ్రైవరును రాత్రంతా తోలించడం అన్యాయం. బండి నిలబడిపోయిన (హాల్టింగ్) రోజులకు బత్తా ఇస్తారా లేదా అన్నది చేరకముందే తేల్చుకోవాలి.

అధిక లోడు విషయంలో కొత్తవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. ఓవర్‌లోడు పట్టుబడితే జరిమానా 20 వేల రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2 వేలు. చట్టం ఈ శిక్షను బండి తోలినవాడికీ తోలించినవాడికీ ఇద్దరికీ చెప్పింది. ‘డబ్బు మేం కడతాం, నీకెందుకు?’ అని ఓనరు అంటాడు, కట్టవచ్చు కూడా. కానీ లైసెన్సుపై వేటు పడడానికి సరుకు బండిలో అధిక లోడు వేయడం కూడా ఒక కారణమని నిబంధనల్లోనే ఉంది. పోయేది డ్రైవరు బతుకుతెరువు. లోడు బరువు తూచి ఇచ్చే కాటా చీటీ డ్రైవరు చేతికి ఇవ్వని చోట, ఇచ్చినా చూడనివ్వని చోట చేరవద్దు.

అడ్వాన్సు పేరుతో ముందే పెద్ద మొత్తం చేతిలో పెట్టి, ఒరిజినల్ లైసెన్సు తమ దగ్గర ఉంచుకుని, ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం చేయించుకునేవాళ్లు ఉన్నారు. మా బంధువుల అబ్బాయి ఒకడు ఇలా ఇరుక్కుని, ఆ అప్పు తీరేదాకా జ్వరంలో కూడా బండి దిగలేకపోయాడు. ఇంట్లో అవసరం ఎంత ఉన్నా ఆ డబ్బు తీసుకోకూడదు. బండి ఇన్సూరెన్సు పాలసీ జీతం మీద పనిచేసే డ్రైవరుకు కూడా వర్తిస్తుందో లేదో కాగితం చూసి తెలుసుకోవాలి. కంపెనీ పెద్దదైతే పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

పెద్ద కంపెనీలో చేరాలా, ఒకటి రెండు లారీలున్న ఊరి ఓనరు దగ్గర చేరాలా అని చాలామంది అడుగుతుంటారు. పెద్ద కంపెనీల్లో జీతం తేదీకి పడుతుంది, బండ్లు కొత్తవి ఉంటాయి. 2025 అక్టోబరు 1 నుంచి తయారైన లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు కాబట్టి ఎండాకాలంలో కొంత సుఖం కూడా. కానీ నెలల తరబడి ఇంటి ముఖం చూడనివ్వని కంపెనీలూ ఉన్నాయి. సాలూరు, గజపతినగరం వైపు చిన్న ఓనర్లలో ఒకప్పుడు స్వయంగా లారీ తోలినవాళ్లు ఉన్నారు. అలాంటి మనిషి దొరికితే అంతకంటే మంచి బడి లేదని నా నమ్మకం. ఆయన మొదటి ట్రిప్పుల్లో పక్కన కూర్చుంటాడు, బండి మీద ప్రేమ ఉంటుంది కాబట్టి అరిగిన టైరుతో పంపడు. క్వారీల నుంచి కంకర తోలే టిప్పర్లతో మాత్రం ఎవరూ మొదలుపెట్టవద్దు. ట్రిప్పుల లెక్క మీద పరుగులు పెట్టే ఆ పనిలో ఊళ్ల మధ్య, బడిపిల్లల మధ్య తొందరపడడం అలవాటవుతుంది. పైడిభీమవరం వైపు రసాయనాలు మోసే ట్యాంకర్లకు ప్రత్యేక శిక్షణ, లైసెన్సు మీద దాని నమోదు ఉండాలి. అవి లేకుండా ఎక్కమంటే ఒప్పుకోకూడదు.

ఎవరు ఎలాంటివారో ఓనరును అడిగితే తెలియదు, ఆ బండి దిగి వెళ్లిపోయిన డ్రైవరును అడగాలి. నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా 16వ నంబరు రహదారి మీద ధాబాల దగ్గర ఆగే డ్రైవర్లలో ఏ ఇద్దరినైనా టీ తాగుతూ అడిగితే దాచకుండా చెబుతారు.

రవాణా శాఖవారికి నాదొక విన్నపం. మన రెండు జిల్లాల కార్యాలయాల్లో హెవీ లైసెన్సు మంజూరు చేసే రోజున, పని గంటలు, అధిక లోడు శిక్షలు, డ్రైవరు ఇన్సూరెన్సు గురించి తెలుగులో ముద్రించిన ఒక కాగితం ప్రతి కొత్త డ్రైవరు చేతిలో పెట్టండి. లారీ ఓనర్ల సంఘాలవారు కూడా జీతం, బత్తా, హాల్టింగ్, సెలవుల వివరాలు రాసిన ఒప్పంద పత్రం నమూనా ఒకటి తయారుచేసి, తమ సభ్యులందరి చేత దాన్ని అమలు చేయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రైవరు,
గజపతినగరం, విజయనగరం జిల్లా