కాళ్లు నేలకు అందని బల్లలు

సంపాదకుడికి,

అయ్యా,

జూన్‌లో బడులు తెరవగానే పిల్లల ఎత్తు, బరువు రిజిస్టర్లో ఎక్కుతాయి. బల్ల మీద కూర్చున్నాక పాదాలు నేలకు ఆనుతున్నాయా అన్నది మాత్రం ఎవరూ చూడరు. అకాండ్రోప్లేసియా అనే పుట్టు మరుగుజ్జుతనం ఉన్న పిల్లలు సాయంత్రం ఇంటికొచ్చి ‘కాళ్లు లాగేస్తున్నాయి’ అనడానికి ఒక పెద్ద కారణం ఈ బల్లే. సర్కారు డబ్బుతో కొన్నదీ అదే పనిచేస్తుంది, ప్రైవేటు బడి కొన్నదీ అదే పనిచేస్తుంది.

కాళ్లూ చేతులూ పొట్టిగా ఉండి, మొండెం మామూలుగా పెరిగే ఎముకల జబ్బు అకాండ్రోప్లేసియా. దాదాపు 25 వేల కాన్పుల్లో ఒకరికి వస్తుంది. ఎఫ్‌జీఎఫ్‌ఆర్‌3 అనే జన్యువులో మార్పే కారణమని 1994లో తేలింది. పదిమందిలో ఎనిమిదిమంది మామూలు ఎత్తున్న తల్లిదండ్రులకే పుడతారు, ఆ మార్పు కొత్తగా బిడ్డలోనే వస్తుంది. మేనరికం వల్ల వచ్చిందని కోడల్ని, ఆమె పుట్టింటిని ఆడిపోసుకోవడం మన ఇళ్లలో ఇంకా ఉంది కాబట్టి ఈ మాట రాయాల్సి వస్తోంది: మేనరికానికీ దీనికీ సంబంధం లేదు. కాల్షియం లోటు కూడా కాదు. మృదులాస్థి ఎముకగా మారే పనే మందగిస్తుంది. నెలనెలా కొనే కాల్షియం టానిక్కులతో కాలు పొడుగవదు, నొప్పీ తగ్గదు. పరీక్ష చేయించకుండా విటమిన్ డి మోతాదులు పోస్తూ పోతే కిడ్నీలకు చేటు.

నొప్పి ఎక్కడి నుంచి వస్తుంది? మోకాలి కింద రెండెముకల్లో బయటివైపుది ఎక్కువ పొడవు పెరిగి కాలు దొడ్డికాలుగా వంగుతుంది. మోకాలి ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు వదులు. అడుగు వేసినప్పుడల్లా మోకాలు బయటికి జరుగుతుంటే, దాన్ని సర్దడానికి కండరాలు పొద్దంతా పనిచేస్తూనే ఉంటాయి. తోటివాళ్లు ఒక అడుగు వేసే చోట ఈ పిల్లలు రెండు వేయాలి. వీటికి తోడు నడుం లోపలికి బాగా వంగి ఉంటుంది, అక్కడ వెన్నుపాము గొట్టం పుట్టుకతోనే ఇరుకు. కాళ్లు గాల్లో వేలాడుతూ కూర్చుంటే ఆ బరువు నడుంని ఇంకా ముందుకు గుంజుతుంది, బల్ల అంచు తొడ వెనక నొక్కుతుంది. గంటల తరబడి ఇలా కూర్చున్నాక నొప్పి రాకపోతేనే వింత.

దీనికి మందు పాదాల కింద పెట్టే ఒక చెక్కపెట్టె. పిల్లకు బడికి వేసుకెళ్లే బూట్లు తొడిగి, మోకాలి మడత వెనక నుంచి బూటు అడుగు దాకా టేపుతో కొలవాలి. బల్ల ఎత్తు 40 సెంటీమీటర్లు, ఈ కొలత 24 అనుకుంటే పెట్టె ఎత్తు 16. వెడల్పు 40, లోతు 30 ఉంటే రెండు పాదాలూ పూర్తిగా ఆనుతాయి. అడుగున పాత సైకిల్ ట్యూబు ముక్కలు కొట్టాలి, లేకపోతే గచ్చు మీద జారుతుంది. ఇటుకలు పెట్టి సరిపెడుతుంటారు గానీ ఒకటి కదిలితే పిల్ల ముందుకు తూలి పడుతుంది. ఆ తర్వాత వీపు. వీపు వెనక చెక్కకు ఆనేలా జరిగితే బల్ల అంచు పిక్కల దాకా వచ్చేస్తుంది. కాబట్టి వెనక గట్టి దిండు పెట్టి, బల్ల అంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండేలా చూడాలి. ‘ఎత్తు చాలట్లేదు’ అని కింద దిండు వేసేస్తే రాత బల్ల అందుతుంది, కాళ్లు ఇంకా పైకి పోతాయి. దిండు వేస్తే పెట్టె ఎత్తు కూడా అంత పెంచాలి. గది ఊడ్చేటప్పుడు పెట్టె వరండాలోకి పోవడం, మళ్లీ లోపలికి రాకపోవడం మామూలే. పెట్టెను బల్ల కాలికి గొలుసుతో కట్టేస్తే ఆ గొడవ ఉండదు.

బడిలో మిగతావి త్వరగా చెప్తాం. పుస్తకాల సంచి పిల్ల బరువులో పదో వంతు దాటకూడదని 2020 స్కూల్ బ్యాగ్ విధానమే చెబుతోంది, 18 కిలోల పిల్లకు అది 1.8 కిలోలు. ప్రార్థనలో వెనక వరసలో కుర్చీ ఇవ్వాలి. గోడకుర్చీ, గుంజీళ్లు విద్యాహక్కు చట్టం ప్రకారం ఎవరికీ వేయకూడదు, ఈ పిల్లలకు అసలే వద్దు. పీఈటీ సార్లు పిల్లిమొగ్గలు, తలతో బంతి కొట్టడం మాన్పించాలి. తల, మెడ కలిసేచోట ఎముక రంధ్రం ఇరుకుగా ఉంటుంది, దెబ్బ తగిలితే ప్రమాదం. ఈత, సైకిలు మాత్రం ఎంత చేస్తే అంత మంచిది.

రాత్రి నొప్పికి గోరువెచ్చని తడి గుడ్డ పది, పదిహేను నిమిషాలు చాలు. మెల్లగా నూనె రాస్తే తప్పులేదు. కాలు పట్టి లాగడం, మోకాళ్లు దగ్గరికి నొక్కి గుడ్డతో కట్టడం వద్దు. ఈ జబ్బులో వంపు పట్టీలతో, బెల్టులతో సరికాదు. వదులు కీలు ఇంకా వదులవుతుంది, అంతే. పారాసెటమాల్ వేయాల్సొస్తే వయసు చూసి కాదు, బరువు చూసి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మధ్యలో కనీసం నాలుగైదు గంటల ఎడం, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. ఈ పిల్లల బరువు తోటివాళ్లకన్నా తక్కువ, అందుకే సీసా మీది వయసు పట్టీ వీళ్లకు పనికిరాదు. 18 కిలోల పిల్లకు 180 నుంచి 270 మిల్లీగ్రాములు. ఇక్కడే ఇంకో చిక్కుంది: షాపులో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు ఉన్న సిరప్పూ, 250 ఉన్నదీ పక్కపక్కనే ఉంటాయి. మొదటిది రెండు చెంచాలు పోసే అలవాటుతో రెండోది పోస్తే డోసు రెట్టింపు. వారంలో మూడు నాలుగు రాత్రులు మందు కావాల్సి వస్తోందంటే సిరప్పు పెంచడం కాదు, డాక్టరు చూడాలి.

అన్ని కాళ్ల నొప్పులూ ఒకటి కావు. నడుస్తూ నడుస్తూ కాళ్లు బరువెక్కి, తిమ్మిరెక్కి, గొంతుక్కూర్చున్నా ముందుకు వంగినా తగ్గుతుంటే అది మోకాలి నొప్పి కాదు, నడుం దగ్గర నరాలు నలుగుతున్న నొప్పి. ఇంటి నుంచి ఎన్ని కరెంటు స్తంభాలు దాటాక ఆగుతోందో వారం వారం నోటుబుక్కులో రాయండి. పది స్తంభాలు ఆరుకు పడితే ఆ పుస్తకమే డాక్టరుకు సగం సంగతి చెబుతుంది. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, కొత్తగా తూలి పడుతున్నా ఆగకుండా వెన్నెముక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఎప్పుడూ ఒకే కాలు నొప్పి, వాపు, జ్వరం ఉంటే కూడా వెంటనే చూపించాలి. ఎమ్మారైకి మత్తు ఇవ్వాల్సొస్తే జబ్బు పేరు ముందే చెప్పాలి, మెడ వెనక్కి వంచకుండా ఇవ్వాలి.

చివరగా విద్యాశాఖకు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 మరుగుజ్జుతనాన్ని ‘పెద్దయ్యాక ఎత్తు 147 సెంటీమీటర్లు, అంతకన్నా తక్కువ’ అన్న కొలతతో గుర్తించింది. అదే చట్టం 16వ సెక్షన్ ప్రతి పిల్ల అవసరానికి తగ్గ ఏర్పాటు బడే చేయాలంటోంది. రెండు రాష్ట్రాల్లోనూ వేల బడులకు ఇద్దరేసి కూర్చునే డ్యూయల్ డెస్కులు కొన్నారు. ఇకపై ఆ ఆర్డర్లలో కాళ్లపీట అనే ఒక్క లైను చేర్చాలని కోరుతున్నాం. అంతదాకా హెడ్మాస్టర్లు బడి ఖర్చులకు ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటులోంచి వడ్రంగికి కూలి ఇవ్వొచ్చు, కొలతలు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోని ఐఈఆర్‌పీ (సమ్మిళిత విద్య) టీచరు తీయగలరు. పిల్ల పెరుగుతుంది, తరగతి మారితే బల్లా మారుతుంది. కాబట్టి జూన్‌లో ఒకసారి, సంక్రాంతి సెలవుల తర్వాత ఇంకోసారి టేపు పట్టుకోవాలి.

— పిల్లల ఎముకలు, కీళ్ల సమస్యలపై పనిచేసే కొందరు ఫిజియోథెరపిస్టులు, వరంగల్