కార్డు వచ్చింది సరే, బియ్యం ఎక్కడ ఆగుతోంది?

సంపాదకులు గారికి,

నమస్కారం. కొత్త రేషన్ కార్డులు, సన్నబియ్యం, స్మార్ట్ కార్డులు అంటూ జిల్లా పేజీల్లో ఫొటోలూ లెక్కలూ బాగానే వస్తున్నాయి. కార్డు చేతిలో ఉండి కూడా రేషన్ షాపు నుంచి ఖాళీ సంచీతో తిరిగొచ్చేవాళ్ల సంగతి మాత్రం రావడం లేదు. వాళ్లలో చాలామందికి అర్హత లేక కాదు, కంప్యూటర్‌లో పేరు ఎక్కడో ఇరుక్కుపోయి. ఎక్కడ ఇరుక్కుందో డీలర్‌కు తెలియదు. మీసేవలో అడిగితే తహసీల్దార్ దగ్గర పెండింగ్ అంటారు, అక్కడికి వెళ్తే జిల్లా పౌరసరఫరాల అధికారి (డీఎస్‌వో) లాగిన్‌లో ఉందంటారు. కూలి మానుకుని మూడు ఆఫీసులు తిరిగేకన్నా ఆ నెల బియ్యం కొనుక్కోవడమే నయమనుకుని ఊరుకుంటారు. అలాంటి వారికి పనికొస్తాయని ఈ వివరాలు రాస్తున్నాను.

ముందు ఎవరికెంత రావాలో తెలిసి ఉండాలి. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం మామూలు కార్డులో మనిషికి నెలకు 5 కిలోలు, నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డుకైతే ఇంట్లో ఎందరున్నా 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇది పూర్తిగా ఉచితం. 2024 జనవరి 1 నుంచి మరో ఐదేళ్లు పొడిగించారు కూడా. తెలంగాణలో రాష్ట్రం ఒక కిలో కలిపి మనిషికి 6 కిలోలు ఇస్తోంది, 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే. అంటే నలుగురున్న ఇంటికి తెలంగాణలో 24, ఆంధ్రప్రదేశ్‌లో 20 కిలోలు. ఇక్కడ ఎవరూ పట్టించుకోని చిక్కొకటి ఉంది. తెలంగాణలో ఆరుగురున్న అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలే వస్తాయి, పక్కింట్లో మామూలు కార్డున్న ఆరుగురికి 36 వస్తాయి. నిరుపేదల కార్డుకు తక్కువ రావడమేమిటో ప్రభుత్వమే చెప్పాలి. అంత్యోదయ వారికి కిలో చక్కెర రూ.13.50కు ఇవ్వాలన్నది కూడా చాలామందికి తెలియదు. తెలియని వాళ్లు అడగరు, అడగని వాళ్లకు ఎవరూ పిలిచి ఇవ్వరు.

పేర్లు ఆగిపోయే చోట్లలో మొదటిది పెళ్లి. అమ్మాయి పేరు పుట్టింటి కార్డులో ఉంటుంది. అత్తగారింట్లో చేర్చడానికి దరఖాస్తు పెడతారు, తిరస్కరిస్తారు. ఒక ఆధార్ నంబరు ఒక్క కార్డులోనే ఉండాలి కాబట్టి, పుట్టింటి కార్డులో పేరు తొలగించి, ఆ తొలగింపు మంజూరయ్యాకే చేర్పు పెట్టాలి. రెండూ ఒకే రోజు పెడితే రెండోది పోతుంది. తొలగింపు అయిందో లేదో రసీదు చూసి నమ్మకూడదు. పౌరసరఫరాల శాఖ ఈపీడీఎస్ వెబ్‌సైట్‌లో పుట్టింటి కార్డు నంబరు కొట్టి, సభ్యుల జాబితాలో పేరు లేదని చూసుకున్నాకే మీసేవకో సచివాలయానికో వెళ్లాలి. వేరు కాపురం పెట్టి కొత్త కార్డు కోరే దంపతులకైతే ఇద్దరి పేర్లూ రెండు ఇళ్ల కార్డుల్లోంచి పోవాలి. అబ్బాయి పేరు మరచిపోవడం మామూలే. మా ఖమ్మం జిల్లా సరిహద్దు ఊళ్లలో ఇంకో తంటా ఉంది. అమ్మాయిది మధిర, అబ్బాయిది అవతల ఎన్టీఆర్ జిల్లా అనుకోండి. ఆధార్‌లో అడ్రస్ మార్చుకుంటే కార్డు కూడా మారినట్టేనని అనుకుంటారు. ఆధార్ అడ్రస్‌కూ రేషన్ కార్డుకూ అలాంటి లంకె లేదు. తెలంగాణలో తొలగిస్తేనే ఆంధ్రలో చేరుతుంది.

అర్హత విషయంలో అసలు లెక్కకన్నా డేటాలో తప్పులే ఎక్కువగా దెబ్బతీస్తాయి. తెలంగాణలో ఏటా ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల లోపు ఉండాలి. భూమైతే తరి 3.5 ఎకరాలు, మెట్ట 7.5 ఎకరాలు మించకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు పల్లెల్లో రూ.10 వేలు, పట్టణాల్లో రూ.12 వేలు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిపి 10 ఎకరాలు దాటకూడదు. కరెంటు ఆరు నెలల సగటు నెలకు 300 యూనిట్ల లోపు, కారు ఉండకూడదు (టాక్సీ, ఆటో, ట్రాక్టర్‌కు మినహాయింపు). ఎప్పుడో అమ్మేసిన కారు ఆర్‌సీ ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంటే దరఖాస్తు పోతుంది. అద్దెకుండేవాడి ఆధార్‌ను ఇంటి యజమాని మీటరుకు ముడిపెడితే ఇల్లంతటి కరెంటు అతని ఖాతాలో పడుతుంది. ఇలాంటప్పుడు మళ్లీ మళ్లీ కొత్త దరఖాస్తు పెట్టి లాభం లేదు. రవాణా శాఖలోనో కరెంటు ఆఫీసులోనో తప్పు సరిచేయించుకుని, ఆ కాగితంతో వెళ్లి అభ్యంతరం నమోదు చేయించాలి.

రెండో చోటు ఈ-కేవైసీ, అంటే కార్డులో ఉన్న మనిషి ఆయనేనని ఆధార్‌తో సరిచూడటం. ఇంటిపెద్ద వేలిముద్ర వేస్తే అందరికీ అయిపోయిందనుకుంటారు. కాదు, కార్డులో పేరున్న ప్రతి ఒక్కరూ విడివిడిగా వేయాలి. చదువుకో పనికో వేరే ఊళ్లో ఉన్నవాళ్లు దీనికోసం ఇంటికి రానక్కర్లేదు. దేశంలో ఏ రేషన్ షాపులోని ఈ-పాస్ యంత్రం మీదైనా వేయవచ్చు. లేదంటే ఫోన్‌లో 'మేరా ఈ-కేవైసీ' యాప్ పెట్టుకుని ముఖం చూపించినా సరిపోతుంది. 2025 జులైలో కేంద్రం రేషన్ పంపిణీ నియంత్రణ ఉత్తర్వును సవరించింది. ఐదేళ్లకోసారి ఈ-కేవైసీ తప్పనిసరి చేసింది. ఐదేళ్లలోపు పిల్లలకు ఇప్పుడు ఆధార్ నంబరు చాలు, ఐదేళ్లు నిండాక ఏడాదిలోగా ఈ-కేవైసీ చేయించాలి. ఆ వయసులో ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా తీయించకపోతే ఇక్కడ యంత్రం ఎలా గుర్తుపడుతుంది? కాబట్టి బడిలో వేసేటప్పుడే ఆ పనీ చూసుకోవాలి. ఐదేళ్లప్పుడు, పదిహేనేళ్లప్పుడు సకాలంలో చేయించుకుంటే డబ్బు కట్టక్కర్లేదు.

అదే సవరణలో ఇంకో మాట ఉంది. వరుసగా ఆరు నెలలు సరుకు తీసుకోని కార్డును తాత్కాలికంగా ఆపేస్తారు, తర్వాత మూడు నెలల్లోగా ఇంటికొచ్చి విచారించి తేలుస్తారు. ఆరోగ్యశ్రీకనో గ్యాస్ సబ్సిడీకనో కార్డు దాచుకుని బియ్యం జోలికి పోనివాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. వలస వెళ్లిన కుటుంబాలకూ ఇదే ముప్పు. ఉన్నచోటే ఒక్క నెల కోటా తీసుకున్నా కార్డు బతికి ఉంటుంది.

వేలిముద్రలు పడకపోవడం మూడోది. సిమెంటు, సున్నం పని చేసేవాళ్లకు, మిర్చి కోతకు వెళ్లేవాళ్లకు, బీడీలు చుట్టేవాళ్లకు చేతిగీతలు అరిగిపోతాయి. ముసలివాళ్లకు చర్మం పొడిబారి గీతలు అందవు. షాపుకు వెళ్లేముందు సబ్బుతో చేతులు కడుక్కుని బాగా తుడుచుకోవాలి, వేసేటప్పుడు యంత్రం అద్దం కూడా ఒకసారి తుడవమనాలి. బొటనవేలు పడకపోతే ఉంగరపు వేలు, రెండో చేయి చూడాలి. గట్టిగా నొక్కితే గీతలు అలుక్కుపోతాయి, మెత్తగా ఆనిస్తే చాలు. కార్డులో ఉన్న ఎవరి వేలిముద్రతోనైనా మొత్తం ఇంటి కోటా ఇవ్వాలి, ముసలామెనే పిలుచుకురండి అనే హక్కు డీలర్‌కు లేదు. ఎవరివీ పడకపోతే ఐరిస్ (కంటిపాప) చూడమనాలి, లేదా ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ అడగాలి. పాత సిమ్ పోయినవాళ్లకు ఓటీపీ రాదు, ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించుకోవాల్సిందే. ఇవేవీ కుదరకపోయినా బియ్యం ఆపకూడదు. 2017లో జార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లాలో ఓ బాలిక ఆకలితో చనిపోయిందన్న గొడవ తర్వాత, ఆ ఏడాది అక్టోబరు 24న కేంద్రం అన్ని రాష్ట్రాలకూ సర్క్యులర్ పంపింది. వేలిముద్ర పడనివారికి కార్డు చూసి సరుకిచ్చి, మినహాయింపు రిజిస్టరులో రాసుకోవాలని అందులో ఉంది. ఆ రిజిస్టరు చూపించమని అడిగితే తెల్లబోయే షాపులే ఎక్కువ.

షాపు దగ్గర జాగ్రత్త ఒక్కటే: తూకం కళ్లముందు పడేదాకా వేలు పెట్టొద్దు. ‘ముద్ర వేసి పొండి, స్టాకు వచ్చాక ఇస్తా’ అంటే కంప్యూటర్‌లో ఆ నెల మీకు ఇచ్చేసినట్టే. తర్వాత ఎవరికి చెప్పుకున్నా రికార్డు డీలర్ వైపే ఉంటుంది. చీటీ తప్పకుండా తీసుకుని, దాని మీద కిలోలు, సభ్యుల సంఖ్య చూసుకోవాలి. తూకంలో కిలో, రెండు కిలోలు తగ్గితే తప్పంతా డీలర్‌దే అనలేం. మండల స్టాకు పాయింటు నుంచి వచ్చే 50 కిలోల బస్తా తక్కువ తూగుతోందని వాళ్లూ ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నారు. ఆ తరుగును కార్డుదారు సంచిలోంచి పూడ్చుకోవడం మాత్రం తప్పు. నెల మధ్యలో ‘స్టాకు అయిపోయింది’ అంటే కొన్నిసార్లు నిజమే. ఏ షాపులోనైనా తీసుకోవచ్చు కాబట్టి రద్దీ ఉన్న షాపుకు కేటాయింపు చాలదు. పక్క షాపుకు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ రేషన్ తెచ్చే వ్యాన్లు ఎత్తేసి 2025 జూన్ 1 నుంచి మళ్లీ షాపులు తెరిచారు. 1 నుంచి 15 దాకా ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 వరకు ఇస్తారు. 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు డీలరే ఇంటికి తెచ్చివ్వాలి.

ఊరు వదిలి వెళ్లేవారికి, ఏ రాష్ట్రంలోనైనా సరుకు తీసుకునే ‘ఒకే దేశం ఒకే కార్డు’ పథకం ఉంది. 2019 ఆగస్టులో దీన్ని మొదట జత కలిపిన రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. శ్రీకాకుళం కార్డుతో హైదరాబాద్‌లో ఆధార్ నంబరు చెప్పి వేలు పెడితే బియ్యం ఇస్తారు. అక్కడున్న ఇద్దరి వాటా అక్కడ తీసుకుని, మిగిలిన ముగ్గురిది ఊళ్లో తీసుకోవచ్చు కూడా. అయితే వేరే రాష్ట్రంలో వచ్చేది కేంద్రం కోటా మాత్రమే. అదీ కేంద్రం లెక్కలో ఉన్న కార్డులకే. ఆంధ్రప్రదేశ్‌లో 2.68 కోట్ల మందికి, తెలంగాణలో 1.91 కోట్ల మందికే కేంద్రం బియ్యం ఇస్తుంది. ఆపైన ఉన్నవారిని రాష్ట్రాలు తమ ఖర్చుతో పోషిస్తున్నాయి. చూడటానికి రెండు కార్డులూ ఒకటే, సొంత రాష్ట్రంలో తేడా కూడా తెలియదు. బెంగళూరులో మేస్త్రీ పనికి వెళ్లాక ఒకరి కార్డు పనిచేసి, తోటివాడిది పనిచేయకపోవడానికి కారణం ఇదే. బయల్దేరే ముందు తహసీల్దార్ ఆఫీసులో పౌరసరఫరాల డిప్యూటీ తహసీల్దార్‌ను అడిగితే ఏ జాబితాలో ఉందో చూసి చెబుతారు.

ఇక ఫిర్యాదు. ముందు 1967కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వాలి. అర్జీ మీద ఆహార భద్రతా చట్టం పదిహేనో సెక్షన్ కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి అని రాస్తే అది మామూలు అర్జీల కట్టలో కలిసిపోదు. ఆయన తీర్పు నచ్చకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు ఉంది. హక్కుగా రావాల్సిన ధాన్యం ఇవ్వలేకపోతే ఆహార భద్రతా భత్యం డబ్బు రూపంలో చెల్లించాలని ఎనిమిదో సెక్షన్ చెబుతోంది. అడిగినవాళ్లు అరుదు. అడగాలంటే షాపుకు వెళ్లాం, ఇవ్వలేదు అన్న రుజువు కావాలి కాబట్టే మినహాయింపు రిజిస్టరు గురించి అంత చెప్పింది. రాసుకోనంటే అదే రోజు 1967కు చేసిన ఫోన్ కూడా ఆధారమే.

రెండు ప్రభుత్వాలకూ రెండే వినతులు. దరఖాస్తు తిరస్కరిస్తే వచ్చే మెసేజ్‌లో ‘రిజెక్టెడ్’ అన్న ఒక్క మాట కాకుండా, ఏ ఆధార్ ఏ జిల్లా కార్డులో ఉంది, ఏ శాఖ డేటా అడ్డొచ్చింది అన్నది తెలుగులో పంపాలి. ఆ వివరం అధికారి స్క్రీన్ మీద ఉన్నదే. రెండోది, కొత్త కార్డుల నిరీక్షణ జాబితాను అందరికీ కనబడేలా పెట్టి, ముందు దరఖాస్తు చేసినవారికి ముందు ఇవ్వాలని 2025 సవరణలోనే ఉంది. ఆ జాబితా మండలాలవారీగా బయటపెడితే, పైరవీతో మధ్యలో దూరినవాళ్లెవరో మీ విలేకరులు ఒక్క పూటలో పట్టేస్తారు.

ఇట్లు,
ఒక విశ్రాంత పౌరసరఫరాల ఉద్యోగి,
ఖమ్మం