ఈ వీధిలో నిద్ర ఒక్కటే దొరకదు

ఒరేయ్ రాంబాబూ,

నీకు ఎప్పుడో రాయాల్సింది, తిట్టుకో, పడతాను. అమ్మ మోకాలు పర్లేదు, వీసా రెన్యువల్ అయింది, ఉద్యోగం అలాగే ఏడుస్తోంది. ఇక అసలు సంగతికి వస్తా, శనివారం రాత్రి జరిగింది ఎవడికో ఒకడికి చెప్పకపోతే నాకు తిన్నది అరిగేలా లేదు.

మెక్సికో సిటీలో మా వీధి గోల నువ్వు ఫోన్‌లో విన్నావు కదా. పొద్దున్నే గ్యాస్‌వాడి కేక. తర్వాత పాత ఇనుప సామాన్ల ట్రక్కు, "పరుపులు, ఫ్రిజ్‌లు, స్టవ్‌లు, వాషింగ్ మెషీన్లు కొంటాం" అని ఓ చిన్నపిల్ల గొంతు సాగదీస్తూ. 2004లో ఒకాయన కూతురి చేత చెప్పించి రికార్డు చేశాడట, పిల్ల ఎప్పుడో పెద్దదైపోయింది, గొంతు మాత్రం ఊరంతా తిరుగుతూనే ఉంది. చీకటిపడితే చిలగడదుంపల బండి ఆవిరి కూత, ఆ తర్వాత తమాలెస్‌వాడి రికార్డు (మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించేవి, మన కుడుముల్లాంటివి). వీటన్నిటికీ అలవాటు పడ్డాన్రా. పై ఫ్లాటువాళ్లతోనే వచ్చింది తంటా.

ఆ రాత్రి వాళ్లింట్లో పుట్టినరోజు. ఒంటిగంట దాటినా బాండా పాటలు, అదే, ఇక్కడి బ్యాండు మేళం, అందులో ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూర దెబ్బకి నా మంచం అదురుతోంది. ఓపిక పట్టి పట్టి పైకెళ్లి తలుపు కొట్టాను. తీసిందెవరనుకున్నావ్? అచ్చం మన హాస్టల్ 'ఇడ్లీ మేడమ్', ఆ నడుం మీద చెయ్యి కూడా అదే! నేను నోరు తెరిచేలోపు ఓ ప్లేటు నిండా కేకు చేతిలో పెట్టి, ఏదో ఆప్యాయంగా అని, తలుపేసేసింది. మెట్ల మీద కేకుతో నేను. నువ్వుంటే చచ్చేవాడివి నవ్వలేక.

సరిగ్గా అప్పుడే వీధి స్తంభం మీది స్పీకర్లో భూకంపం అలారం. ఆ కూత వేరురా, ఎంత గోలలోనైనా ఇట్టే తెలిసిపోతుంది. సముద్రతీరం వైపు సెన్సర్లు ముందే పసిగడతాయి, ప్రకంపనలు అంత దూరం నుంచి ఊరికి చేరేలోపు ఒక్కోసారి నిమిషం దాకా టైమ్ దొరుకుతుంది. దగ్గర్లో పుడితే ఆ కాస్తా ఉండదు. 2017 సెప్టెంబర్ 19న పొద్దున డ్రిల్ చేశారు, ఆ తర్వాత రెండు గంటలు దాటాయో లేదో నిజంగా వచ్చింది, అలారం అందుకునేసరికే బిల్డింగులు ఊగుతున్నాయట. అందుకే ఎవ్వరూ తాత్సారం చెయ్యరు. పాట టక్కున ఆగిపోయింది. నైటీలు, కుక్కలు, పంజరంతో ఒక ముసలాయన, అందరం రోడ్డు మీద. కరెంటు తీగలు కాస్త ఊగాయి, అంతే. పది నిమిషాలకి ఎవడో స్పీకర్‌ని కిందికే మోసుకొచ్చాడు, పార్టీ రోడ్డు మీద మొదలు! మేడమ్ నా దగ్గరికి వచ్చి... ప్లేటు వెనక్కి అడిగింది.

ఇప్పుడు నా టెన్షన్ ఏంటంటే, చెవుల్లో దూది పెట్టుకుందామంటే అలారం వినపడదేమోనని భయం, పెట్టుకోకపోతే తెల్లార్లూ జాగారమే. ఇల్లు మారదామంటే ఈ అద్దెకి ఇంకో చోట... అసలు మారాలని ఉందో లేదో కూడా, ఆ కేకు చాలా బాగుందిరా, ఒకటి చెప్పనా, ఆవిడ

అబ్బా, చెత్త బండివాడి గంట. వాడు ఆగడు, సంచులు పట్టుకుని పరిగెత్తాలి. ఉంటా.

నీ
చంటి