బుల్లి ఆర్కిడ్ల పిలకలు వేరుచేసేవారికి

అందరికీ నమస్కారం. మినీ డెండ్రోబియం కాడల మీద వచ్చే పిలకల్ని, అదే కీకీల్ని, ఆత్రంగా తుంచేయకండి. కనీసం మూడు వేర్లు ఒక్కోటి 2 అంగుళాలు సాగేదాకా తల్లి కాడ మీదే ఉంచండి. వేరు లేని పిలక నీళ్లు పీల్చలేక ముడుచుకుపోతుంది.

బ్లేడు మంటలో కాల్చి, చల్లారాక, కాడకు ఆనించి కోయండి. కోసిన చోట మాత్రమే దాల్చినచెక్క పొడి అద్దాలి. వేర్లకు తగిలితే అవి ఎండుతాయి. ఆ రోజు నీళ్లొద్దు. మర్నాడు చిల్లులున్న 2 అంగుళాల కుండీలో బొగ్గు ముక్కలు రెండు పాళ్లు, రెండు మూడుసార్లు నానబెట్టి నీళ్లు వంచేసిన కొబ్బరి డొక్క ముక్కలు ఒక పాలు వేసి నాటండి. పెద్ద కుండీ పెడితే మధ్యలో తడి ఆరదు, వేర్లు కుళ్లుతాయి.

మన నెల్లూరు, ఒంగోలు వైపు బోరునీళ్లు చాలాచోట్ల ఉప్పనే. వేరు కొసలు నల్లబడితే ముందు నీళ్లనే అనుమానించండి. వాననీళ్లో ఆర్వో నీళ్లో వాడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన పడని చోట, గాలి ఆడేలా వేలాడదీయండి. ఏప్రిల్, మే వడగాల్పుల్లో అసలు విడదీయొద్దు.

ఇంకోటి. పూలు లేకుండా కాడ నిండా పిలకలే వస్తుంటే సంబరపడకండి. నత్రజని ఎక్కువైందో, కింద వేర్లు కుళ్లాయో చూడండి.