నీరటికాళ్లను మళ్లీ నిలబెట్టాలి

సంపాదకులకు,

2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వస్తే అందరం సంబరపడ్డాం. గుడికి దగ్గర్లోనే కాకతీయులు కట్టించిన చెరువు ఇప్పటికీ పొలాలకు నీరిస్తోంది. అదీ వారసత్వమే కదా! పై చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండేలా గొలుసుకట్టుగా కట్టారు వాళ్లు. కుండపోత కురిసినా, వాన ముఖం చాటేసినా ఊరిని కాపాడే ఏర్పాటది. చెరువుల బాగుకోసం తెలంగాణ ప్రభుత్వం చేపట్టిన మిషన్ కాకతీయలో పూడిక తీశారు, మంచిదే. కానీ తూము ఎప్పుడు తీయాలో, కట్ట ఎక్కడ కారుతోందో తెలిసిన నీరటికాళ్లు, అంటే చెరువు నీటిని పొలాలకు పంచే ఊరి మనుషులు, కనుమరుగవుతున్నారు. మా వైపు అలుగు కాలువల మీద ప్లాట్లు వెలిశాయి; మబ్బు పడితే టెన్షనే. నీరటికాళ్లకు పంచాయతీ నుంచి జీతమివ్వాలి. కాలువల హద్దులు వచ్చే వానాకాలంలోపే తేల్చాలి.

- ఒక పాఠకుడు, హనుమకొండ