మూడు తొమ్మిదులు, మూడు వేర్వేరు పనులు

సంపాదకులకు,

రిజర్వ్ బ్యాంకు మాజీ గవర్నర్ వై.వి.రెడ్డి గారి మీద మీరు వేసిన వ్యాసంలో ‘సీఆర్ఆర్ అనే వడ్డీ రేటును 9 శాతానికి పెంచారు’ అని ఉంది. సీఆర్ఆర్ వడ్డీ రేటు కాదు. పొరబాటు ఎక్కడ దొర్లిందో ఊహించుకోవచ్చు. 2008 జులై 30న రెపో రేటు 9 శాతమైంది. సరిగ్గా నెల తర్వాత, ఆగస్టు 30న సీఆర్ఆర్ కూడా 9 శాతానికే చేరింది. రెపో అంటే బ్యాంకులు బాండ్లు పెట్టి రిజర్వ్ బ్యాంకు దగ్గర తెచ్చుకునే చేబదులు లాంటి అప్పు మీద వడ్డీ. సీఆర్ఆర్ (నగదు నిల్వల నిష్పత్తి) అంటే డిపాజిట్లలోంచి తీసి రిజర్వ్ బ్యాంకులో కదలకుండా ఉంచాల్సిన వాటా.

తిరుపతి గాంధీ రోడ్డు వ్యాపారి ఒకాయన బ్యాంకులో లక్ష రూపాయలు వేశాడనుకోండి. 2004 సెప్టెంబరు మొదట్లో సీఆర్ఆర్ 4.5 శాతం కాబట్టి అందులో 4,500 రూపాయలు పక్కకు పోయేవి. నాలుగేళ్ల తర్వాత 9,000. ఎస్ఎల్ఆర్ అనే మరో తప్పనిసరి వాటా కింద ఇంకో 25,000 ప్రభుత్వ బాండ్లలో పెట్టాల్సి వచ్చేది. అంటే అప్పులివ్వడానికి బ్యాంకు చేతిలో మిగిలేది 70,500 నుంచి 66,000కు తగ్గింది. పైగా 2007 నుంచి సీఆర్ఆర్ సొమ్ము మీద బ్యాంకుకు పైసా వడ్డీ రాదు. అప్పుల కోసం తిరిగేవాళ్లకు ఇది చేదుగానే ఉండేది. వృద్ధికి అడ్డం పడుతున్నాడని రెడ్డి గారిని తిట్టినవాళ్లూ ఉన్నారు.

నన్నడిగితే ఆయన చేసిన గట్టి పని సీఆర్ఆర్‌లో కూడా లేదు, రిస్క్ వెయిట్లలో, అంటే ఏ రకం అప్పు ఎంత ప్రమాదమో చూసి వేసే తూకాల్లో ఉంది. దాని గురించి పత్రికలు రాయవు, చదివేవాళ్లుండరని కాబోలు. బ్యాంకు 100 రూపాయలు అప్పిస్తే, 100 శాతం రిస్క్ వెయిట్ ఉన్నచోట, 9 రూపాయల సొంత మూలధనం చూపాలి. ఇది మూడో తొమ్మిది, దయచేసి దీన్ని కూడా ఆ రెండింటిలో కలిపేయకండి. షాపింగ్ కాంప్లెక్సులు కట్టేవాళ్లకిచ్చే అప్పులకు ఈ వెయిట్‌ను 2005 జులైలో 125కు, 2006 మేలో 150కి పెంచారు. కోటి రూపాయల అప్పుకు 9 లక్షల మూలధనం సరిపోయేది కాస్తా 13.5 లక్షలైంది. అప్పు సక్రమంగా కడుతున్నా ముందుజాగ్రత్తగా తీసిపెట్టే కేటాయింపు 0.25 శాతం నుంచి, 2007 జనవరికల్లా 2 శాతానికి పెరిగింది. అదే కోటి మీద 25,000 ఉన్నది 2 లక్షలు. అలాగని అన్నీ బిగించలేదు. 20 లక్షల లోపు ఇంటి అప్పులకు 2007 మేలో వెయిట్‌ను 75 నుంచి 50కి తగ్గించారు. కాంప్లెక్సు వేరు, కాపురముండే ఇల్లు వేరు అన్న లెక్క అది.

2008 సెప్టెంబరు 5న దువ్వూరి సుబ్బారావు గారు గవర్నరయ్యారు. పది రోజులకే అమెరికాలో లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది. అక్టోబరు 11 నుంచి సీఆర్ఆర్‌ను 9 నుంచి 7.5 శాతానికి దించితే ఒక్క దెబ్బకు 60,000 కోట్లు బ్యాంకుల చేతికొచ్చాయి. జనవరికల్లా 5 శాతానికి తెచ్చారు. గాదె నింపినవారు ఒకరు, తలుపు తీసినవారు మరొకరు. ముందే 4.5 దగ్గర ఉండిపోయి ఉంటే దించడానికి ఏం మిగిలేది?

మీ వ్యాసం ఇక్కడితో ఆగిపోయింది. పక్కనే కడప జిల్లా పాటూరులో పుట్టి, 1964 బ్యాచ్ ఐఏఎస్‌గా ఈ రాష్ట్రంలోనే కొలువు మొదలుపెట్టిన మనిషి, గవర్నర్ పదవి దిగాక చేసిన పని మన పల్లెలకు ఇంకా దగ్గరిది. చిత్తూరు జిల్లా సర్పంచులు ‘14వ ఆర్థిక సంఘం నిధులు’ అంటారే, ఆ సంఘానికి అధ్యక్షుడు ఆయనే. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 శాతం నుంచి 42కు పెంచమన్నది ఆ సంఘమే. 2015-20 మధ్య దేశంలోని గ్రామ పంచాయతీలకు 2,00,292 కోట్లు కేటాయించి, మండల, జిల్లా పరిషత్తులకు మాత్రం ఏమీ ఇవ్వలేదు. అందులో 90 శాతం బేసిక్ గ్రాంటు. మిగిలిన 10 శాతం కావాలంటే ఆడిట్ అయిన లెక్కలు చూపాల్సి వచ్చేది, ఇంటిపన్ను వంటి సొంత ఆదాయం కిందటేడు కంటే పెరగాల్సి ఉండేది. పన్ను వసూలుకు మొహమాటపడే పంచాయతీ ఇక్కడే దెబ్బతినేది.

మన రాష్ట్రంలో ఇంకో చిక్కు వచ్చింది. పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులో ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరికి గానీ జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేదని గ్రాంట్లు ఆగాయి. సంఘం కాలపరిమితేమో 2020 మార్చి 31తోనే సరి. ఆ రెండేళ్ల కాలువ పనుల సంగతి పల్లెల్లో ఎవర్నడిగినా చెబుతారు.

సవరణ వేసేటప్పుడు ‘నగదు నిల్వల నిష్పత్తి’ అని వేయండి. ఆ వాక్యంలో వడ్డీ అన్న మాట రాకుండా చూడండి.

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
కొర్లగుంట, తిరుపతి